శస్త్రచికిత్సానంతర ముఖపక్షవాతము - దంతసంరక్షణము

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

   

 విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై నుండి దంతములను గూర్చి మాటాడుట కొందరికి వింతగా తోపవచ్చును. దంతవైద్యము నా వృత్తి. వృత్తిరీత్యా నేనెరిగిన యొక కష్టము మన కుటుంబములలో గొందరిని బాధించుచున్నను, దానిని గూర్చి బహిరంగముగా పలుకువారు లేరు. చెవి వెనుకనో, కపాలములోనో, చెంపలోని లాలాజల గ్రంథియందో శస్త్రచికిత్స జరిగిన పిదప ముఖమున నొక పార్శ్వము చచ్చుపడి, మూతి వంకరపోయినవారి సంగతి నేను చెప్పుచున్నాను. ఇట్టివారికి కంటిని గూర్చి జాగ్రత్తలు చెప్పుదురు; ముఖవ్యాయామములను నేర్పుదురు; నోటిలోని దంతములను గూర్చి చెప్పువారు మాత్రము అరుదు. నేడు నేను విన్నవింపదలచిన విషయ మొక్కటియే. నరము కాలక్రమమున కోలుకొనవచ్చును. ఆ లోపల పాడై యూడిన పన్ను మరల మొలవదు. కావున నరము కొరకు నిరీక్షించు మాసములలోనే దంతములను గాపాడుకొనవలెను.

మన ప్రాచీన వైద్యులు ముఖము వంకరపోవు వ్యాధిని అర్దితమనిరి. సుశ్రుతసంహితయందు దాని లక్షణములు వర్ణింపబడినవి. పాశ్చాత్యులలో చార్లెస్ బెల్ అను వైద్యుడు 1821వ సంవత్సరమున ముఖమునకు సంబంధించిన నరములను గూర్చి రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. కారణము తెలియకుండ హఠాత్తుగా వచ్చు ముఖపక్షవాతమును నేటికిని ఆయన పేరిటనే పిలుచుచున్నారు. శస్త్రచికిత్స వలన వచ్చునది వేరు. దానికి కారణము స్పష్టమే.

మెదడు నుండి వెడలు 12 జతల నరములలో ఏడవది ముఖనరము. అది చెవి వెనుక నున్న యెముకలోని యిరుకైన కాలువ గుండ నడచి, చెవి క్రింద వెలువడి, చెంపలోని పెరోటిడ్ గ్రంథి నడుమ దూరి, అయిదు ప్రధానశాఖలై నుదురు, కన్ను, చెంప, పెదవి, మెడ - వీని కండరములను చేరును. ఈ మార్గమును గమనించినచో శస్త్రచికిత్స వలన దీనికి హాని యేల కలుగునో సులభముగా తెలియును. వినికిడి నరమునొద్ద పెరుగు అకౌస్టిక్ న్యూరోమా అను గడ్డ క్యాన్సరు కాకున్నను, అది ముఖనరమునకు అంటుకొనియే యుండును. పెరోటిడ్ గ్రంథిలోని గడ్డను తీయునపుడు నరపు శాఖల నడుమనే కత్తి నడువవలెను. చీము పట్టిన చెవి యెముకను శుభ్రపరచునపుడును ఈ నరము చేరువనే యుండును. 1960 తరువాత అమెరికాదేశమున విలియం హౌస్ మొదలగువారు సూక్ష్మదర్శినితో ఈ చికిత్సలు చేయు పద్ధతులను వృద్ధిపరచిన పిదప నరమును గాపాడుట మునుపటికంటె సుకరమైనది. అయినను ప్రాణరక్షణకై కొన్ని సమయములలో నరము నొచ్చుట తప్పదు. అందుచేత శస్త్రవైద్యుని నిందించుట యన్నివేళల న్యాయము గాదు.

నరము కేవలము వాచినచో కొన్ని వారములలోనో మాసములలోనో చలనము తిరిగి వచ్చును. తెగిన నరమును కలిపి కుట్టినచో అది దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుచు కండరమును చేరవలెను. దానికి పెక్కు మాసములు పట్టును. నేడు వైద్యులు 1985లో ప్రకటింపబడిన హౌస్-బ్రాక్‌మన్ కొలమానమును బట్టి ఈ దౌర్బల్యమును 6 తరగతులుగా గణించి, రోగి పురోగతిని చూచుచున్నారు. ఆ కొలమానమున నుదురు, కన్ను, నోటి కదలిక మున్నగునవి గలవు. దంతముల లెక్క మాత్రము మనమే చూచుకొనవలెను.

ఇక నోటిలో జరుగు దానిని చూతము. నమలుటకు గావలసిన దవడకండరములు ఏడవ నరమునకు లోబడినవి కావు. అవి అయిదవ నరమునకు లోబడినవి. కావున మూతి వంకరపోయినవాడును గట్టిగా కొరకగలడు. అట్లయిన చిక్కెక్కడ? మన యింటి రుబ్బురోలును తలచుకొనుడు. ఒక చేయి పొత్రమును త్రిప్పుచుండగా, రెండవ చేయి అంచుల కెగసిన పిండిని మరల గుంటలోనికి త్రోయుచుండును. నోటిలో ఆ రెండవ చేతి పనిని చెంపకండరము చేయుచున్నది. ముఖపక్షవాతమున పొత్రము తిరుగుచునే యున్నది. పిండిని త్రోయు చేయి పడిపోయినది. అన్నపు మెదుకులు, పప్పు, కూర, బెల్లపు జిగురు చెంపకును చిగురునకును నడుమ సంచిలో వలె చేరి, గంటల తరబడి నిలిచియుండును. సూక్ష్మక్రిములు దానిలోని చక్కెరను పులియబెట్టి ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటి పైపొరను కరగించును.

ఇది మొదటి కీడు. రెండవది పెదవి మూతపడమి. లాలాజలము మూలనుండి కారును. నోరు తెరచి నిద్రించుటచే రాత్రి చిగుళ్ళు ఎండును. మూడవది లాలాజలపు కొరత. ముఖనరముతో కలిసి వచ్చు సన్నని తీగ యొకటి నాలుక ముందరి మూడింట రెండుపాళ్ళకు రుచిని, దవడ క్రిందను నాలుక క్రిందను గల గ్రంథులకు ప్రేరణమును గొనిపోవును. అది చెడిన రుచి తగ్గును, నోటిని కడుగు సహజజలమును తగ్గును. రుచి తెలియక కొందరు ఉప్పును, తీపిని అధికముగా వాడుదురు. తీపి దంతమునకు మరింత చేటు. నాలుగవది మిక్కిలి ప్రమాదకరమైనది. పెద్ద గడ్డలు తీసిన కొందరిలో అయిదవ నరమును నొచ్చి, చెంపయు చిగుళ్ళును స్పర్శ కోల్పోవును. అట్టివారికి పన్ను పుచ్చినను నొప్పి యుండదు. వేడి కాఫీ కాల్చినను తెలియదు. చెంపను తామే కొరికి పుండు చేసికొందురు. నొప్పి వచ్చినపుడు వైద్యుని జూతమను మన యలవాటు వీరికి పనికిరాదు.

ఇప్పుడు చేయవలసిన దానిని క్రమముగా మనవి చేసెదను.

భోజనమున నిటారుగా కూర్చుండవలెను. ముద్ద చిన్నదిగా నుండవలెను. బాగున్న ప్రక్కన పెట్టి నమలవలెను. చచ్చుపడిన చెంపను బయటనుండి వ్రేళ్ళతో మెల్లగా లోనికి నొక్కినచో చిక్కుకొన్న యన్నము పండ్లపైకి వచ్చును. ద్రవపదార్థములను చిన్న గ్రుక్కలుగా, బాగున్న పెదవిమూల నుండి త్రాగవలెను. చిక్కీలు, పాకపు అచ్చులు, జిగురు మిఠాయిలు కొంతకాలము మానుట మేలు. తాంబూలము, వక్కపొడి, పొగాకు దవడన పెట్టుకొను నలవాటున్నవారు దానిని పూర్తిగా విడువవలెను. వక్కయు పొగాకును నోటి క్యాన్సరునకు కారణములు. స్పర్శ లేని చెంపలో అవి యెంతసేపు నిలిచినదియు తెలియదు.

భోజనానంతరము పుక్కిలించుట మన పెద్దల సదాచారము. మన వైద్యగ్రంథములలో నోటినిండ ద్రవమును కదలకుండ నిలుపుట గండూషమనియు, కదలించి పుక్కిలించుట కవళమనియు వేరుగా చెప్పబడినవి. పెదవి మూతపడనివానికి రెండును కష్టమే. నీరు బయటికి చిమ్మును. అట్టివాడు పెదవిమూలను రెండు వ్రేళ్ళతో మూసిపట్టి, కొద్దినీటితో పుక్కిలింపవలెను. పిమ్మట శుభ్రమైన తడిగుడ్డను చూపుడువ్రేలికి చుట్టి చెంపసంచిని వెనుకనుండి ముందునకు తుడువవలెను. తిన్న ప్రతిపర్యాయమును ఇట్లు చేయవలెను. నేను చెప్పు జాగ్రత్తలలో మిక్కిలి ఫలదాయకమైనది ఇదియే. దీనికి వ్యయమును లేదు.

ఉదయము నొకసారి, నిద్రకు ముందొకసారి పండ్లు తోముకొనవలెను. పిల్లలు వాడు చిన్నతల గల మెత్తని బ్రష్షు చచ్చుపడిన ప్రక్కకు అనుకూలము. ఒక చేతివ్రేలితో చెంపను ప్రక్కకు లాగి, అద్దములో చూచుచు తోమవలెను. పండ్ల సందులను దారముతోనో, సందుల బ్రష్షుతోనో శుభ్రపరచవలెను. వేపపుల్ల మన తాతల నాటిది. బాగున్న ప్రక్కన దానిని వాడుకొనుటకు నా యభ్యంతరము లేదు. స్పర్శ లేని చిగుళ్ళను మాత్రము అది గీరి గాయపరచవచ్చును. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకుప్పు పంటి పైపొరను అరగదీయును గనుక విడువదగినవి.

పేస్టు ఫ్లోరైడు గలదై యుండవలెను. పదిలక్షల పాళ్ళలో 1000 నుండి 1500 పాళ్ళ ఫ్లోరైడు ఉండుట యుక్తము. ఈ మాట చెప్పగానే నల్లగొండ, ప్రకాశము మండలముల సోదరులు ఉలికిపడుట సహజము. త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగి, పండ్లు గారపట్టిన గ్రామములను వారెరుగుదురు. అప్పటి నెల్లూరు మండలమున ఈ వ్యాధి యున్నదని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. ఆ కీడు ఏండ్ల తరబడి మ్రింగిన నీటివలన కలిగినది. పేస్టు మ్రింగునది కాదు. పంటి పైభాగమున నిలిచి దానిని గట్టిపరచి ఉమియబడునది. అయినను పెదవి వశములో లేనివాడు చక్కగా ఉమియలేడు గనుక, శనగగింజంత పేస్టు చాలును. తోమిన పిదప తల ముందునకు వంచి నురుగును జారవిడువవలెను. వెంటనే ఎక్కువ నీటితో కడిగివేయరాదు. అధికముగా ఫ్లోరైడు గల నీటి గ్రామములవారు తమ దంతవైద్యుని యడిగి పేస్టు నెంచుకొనుట మంచిది.

కట్టుడుపళ్ళవారికి చెంప పట్టు తప్పుటచే ఆ పళ్ళు వదులగును, వాని క్రింద అన్నము చేరును. వానిని భోజనానంతరము తీసి కడిగి, రాత్రి తీసియుంచి, వదులైనచో సరిచేయించుకొనవలెను. స్టెరాయిడు మందులు వాడువారికి నోట తెల్లని పూత వచ్చినచో వైద్యునకు చూపవలెను.

దంతవైద్యునొద్దకు పోవుటను గూర్చి రెండు మాటలు. ముందుగా తెలిసిన శస్త్రచికిత్సయైనచో, వ్యవధి యున్నంతలో పుచ్చిన పండ్లకు చికిత్స చేయించుకొని, గార తీయించుకొనియే ఆసుపత్రికి పోవుట యుత్తమము. శస్త్రచికిత్స తరువాత పన్ను తీయించుకొనవలసి వచ్చినచో శస్త్రవైద్యుని యనుమతి పొందవలెను. మొదటి సంవత్సరమున మూడు నెలల కొకసారి పండ్లు చూపించుకొనుడని నా సలహా. కుర్చీలో కూర్చుండగానే, నా కన్ను మూతపడదు అని చెప్పవలెను. దీపకాంతియు, నీటితుంపరలును, ఎగిరిపడు పంటిముక్కలును మూతపడని కంటికి హాని చేయును. కంటిలో చుక్కలు వేసి, రెప్పను మూసి అంటించి, పైన కళ్ళద్దములు పెట్టవలెను. పెదవులకు వేజలైను రాయవలెను. మత్తుసూది వేసిన పిదప మత్తు వదలువరకు భోజనము చేయరాదు. లేనిచో చెంప నలుగును.

నరము తిరిగి వచ్చునపుడు మరియొక విచిత్రము జరుగును. కొన్ని తంతువులు దారితప్పి అన్యకండరములను చేరును. అప్పుడు నోరు కదిపిన కన్ను మూతపడును. చెంప బిగుసుకొని పండ్ల నడుమ పడును. కొందరికి భోజనసమయమున కన్నీరు కారును. అది దుఃఖము గాదు, దారితప్పిన నరపు పని. ఈ దశలో బ్రష్షు దూరుట కష్టమగును గనుక, వ్యాయామవైద్యుడు నేర్పిన రీతిని చెంపను మెల్లగా సాగదీయుచు తోముకొనుట మానరాదు.

సోదరులారా! ఇంతవరకు చెప్పినది రోగి చేయదగినది. ఇక మనము చేయదగినది చెప్పెదను. పెదవి పనిచేయనివాడు ప, ఫ, బ, భ, మ లను చక్కగా పలుకలేడు; కన్నవారిని అమ్మా యనియు బాబూ యనియు పిలుచుటకును శ్రమపడును. మూల నుండి పులుసు కారునని పంక్తిభోజనమునకు రాడు. అద్దములో ముఖము చూచుకొన నిచ్చగింపడు. అద్దము చూడనివాడు పండ్లను సరిగ తోముకొనలేడు. ఇల్లు వెడలనివాడు వైద్యునొద్దకు పోడు. ఇట్లు సిగ్గు దంతక్షయమునకు దారి తీయుచున్నది. పెండ్లిసంబంధములు చూచు సమయమున మూతి వంకర యని యొక యాడుపడుచును త్రోసిపుచ్చిన మాటలు మీలో పలువురు వినియేయుందురు. ఆమె గడ్డను జయించి బ్రదికినది. ఆమె చేసిన పాప మేమి?

కావున మీకు మూడు ప్రార్థనలు. మన సంఘ వైద్యసహాయనిధి నుండి తల, చెవి, చెంప శస్త్రచికిత్సలకు సహాయము చేయునపుడు, దంతవైద్యమునకును కొంత భాగమును కేటాయింపవలెను. మన విందులలో ఇట్టివారికి ప్రక్కన ఒక గిన్నెయు, శుభ్రమైన గుడ్డయు, తొందరపెట్టని వడ్డనయు ఏర్పరుపవలెను. ఇంటిలోని స్త్రీపురుషులు రోగి మూతిని తేరిపార చూచుట మాని, భోజనానంతరము చెంప తుడుచుకొంటివా యని ప్రేమతో జ్ఞప్తి చేయవలెను. ఈ మూడింటికిని చట్టములు గాని గొప్ప ధనము గాని యక్కరలేదు.

నరము వచ్చువరకు ఒక సంవత్సరము, కొందరికి అంతకంటె నధికము, పట్టవచ్చును. కొందరికి పూర్తిగా రాకపోవచ్చును. అట్టివారికి నరమును మార్చి కలుపు శస్త్రచికిత్సలు నేడు గలవు. ఎట్లయినను, నవ్వు తిరిగి వచ్చిన దినమున ఆ నవ్వులో కనబడుటకు పండ్లు మిగిలియుండవలెను గదా!