"ఈ పాఠం ఇంటి దగ్గర చదువుకోండి"



ఈ ఉపన్యాసం మా పాత హెడ్మాస్టారి పేరిట జరుగుతోంది. ఆయన లెక్కల మాస్టారు. నేను జీవశాస్త్రం టీచర్ని. 1989లో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం చెప్పాల్సి వచ్చింది. మొక్కల భాగం రెండు రోజులు చెప్పాను. రంగు సుద్దలతో మందార పువ్వు గీశాను, కీలాగ్రం, అండాశయం, పుప్పొడి అన్నీ చూపించాను. మనిషి దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి, "ఈ పాఠం ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షలో పెద్దగా రాదు" అన్నాను. రెండో ముక్క పచ్చి అబద్ధం. వరండాలో వెళ్తున్న మాస్టారు విన్నారు. సాయంత్రం ఒక్క మాట అడిగారు: "ఇంటి దగ్గర ఎవరు చెబుతారమ్మా?"

ఎవరు చెబుతారు? మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషైతే చాప మీద కూర్చోబెడతాం, చిమ్మిలి తినిపిస్తాం, మేనమామతో చీర పెట్టిస్తాం. ఈమధ్య వీధి మొగలో ఫ్లెక్సీ కూడా కడుతున్నాం, పిల్ల ఫొటో, చుట్టూ బంధువుల ఫొటోలతో. సంగతి ఊరందరికీ తెలుస్తుంది. ఒంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకి మాత్రం ఎవరూ చెప్పరు. "అది ముట్టుకోకు, ఇటు రాకు" అని మాత్రం చెబుతారు. చిమ్మిలిలో నువ్వులూ బెల్లమూ ఉన్నాయి, మంచి తిండే, కాదనను. నోటికి పెట్టినంత శ్రద్ధగా చెవికి కూడా ఏదైనా వేయాలి కదా.

మగపిల్లాడికి ఆ చాప కూడా లేదు. గొంతు బొంగురుపోతే నవ్వుతారు, అంతే. వాడి చదువంతా బస్టాండు గోడ మీద. నరాల బలహీనతకు వైద్యం, ఫలానా లాడ్జి, ఫలానా గది నంబరు అని రాసి ఉంటుంది చూడండి, ఆ గోడ. కొంత నయం, మన తెలుగువాళ్లకి డాక్టర్ సమరం గారు ఉన్నారు. స్వాతి వారపత్రికలో పాఠకుల లైంగిక సందేహాలకు ఆయన ఇచ్చిన జవాబులు ఒక తరమంతా దాచుకుని చదువుకుంది. చెప్పేవాడుంటే అడిగేవాళ్లు ఎంతమందో ఆ శీర్షిక తేల్చింది. ఇప్పటి పిల్లలకు గోడ అక్కర్లేదు, జేబులో ఫోను ఉంది. అందులో దొరికేదానికి గోడే నయమనిపిస్తుంది ఒక్కోసారి.

మాస్టారు ఉపన్యాసం ఇచ్చే మనిషి కాదు. రెండ్రోజుల తర్వాత ఒక రేకు బిస్కెట్ డబ్బా తెచ్చారు. మూతకి చీలిక పెట్టించి, చిన్న తాళం వేయించి, మంచినీళ్ల కుండ పక్కన పెట్టారు. పేరు రాయకుండా ఏదైనా అడగొచ్చన్నారు. వారం రోజులు అందులో వేరుశనగ తొక్కలే పడ్డాయి. తర్వాత చీటీలు మొదలయ్యాయి. ఒకటి ఇప్పటికీ గుర్తుంది: "నాకు ఒకవైపు రొమ్ము గట్టిపడింది. నేను ఆడపిల్లనైపోతున్నానా, క్యాన్సరా?" రాసింది అబ్బాయి. ఈడొచ్చే వయసులో చాలామంది అబ్బాయిలకు అలా అవుతుంది, హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల. ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే తగ్గిపోతుంది. ఈ రెండు వాక్యాలు తెలియక వాడు ఎన్ని నెలలు చొక్కా మీద చొక్కా వేసుకుని తిరిగాడో! మాస్టారు తన లెక్కల గంట వదిలేస్తే, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పేరు లేకుండా ఆ చీటీ చదివి జవాబు చెప్పాను. నాకు చెమటలు పట్టాయి. పిల్లలెవరూ నవ్వలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2005లో కౌమార విద్యా కార్యక్రమం వచ్చింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక సహా కొన్ని రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. 2009లో వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దంది. ఆయన భయం సంస్కృతి గురించి. ఆ భయాన్ని నేను వెక్కిరించను, మా అమ్మకీ ఉండేది. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైనే. పదో తరగతి పిల్లకి పెళ్లి చేయవచ్చు, పెళ్లంటే ఏమిటో మాత్రం చెప్పకూడదు. ఇదెక్కడి సంస్కృతో నాకు అర్థం కాదు.

ఒంటి సంగతి సిగ్గుతోనే ఆగిపోదు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంగతి చూడండి. ఒకసారి మా తరగతి కిటికీ వెనక తుప్పల్లో చూస్తే నీలం మాత్రలు చల్లినట్టున్నాయి. మింగితే పిల్లలు పుట్టరని ఎవరో అన్నారట. పరగడుపున మింగినవాళ్లకి కడుపులో తిప్పింది, విరేచనం నల్లగా అయ్యేసరికి హడలిపోయారు. మాత్ర చేతిలో పెట్టాం కానీ మాట చెప్పలేదు. నలుపు ఇనుము వల్లేననీ, అన్నం తిన్నాక వేసుకోవాలనీ, వెంటనే టీ తాగకూడదనీ, నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిదనీ చెప్పాక తుప్పలు ఖాళీ అయ్యాయి. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెబుతోంది.

ఇక డబ్బాలో పడే అన్ని చీటీలూ ఒక్కటి కావు. "బంధువు ఒకాయన ముద్దు చేస్తానని దగ్గరికి లాగుతాడు. చెబితే ఎవరు నమ్ముతారు?" ఇలాంటిది తరగతిలో చదివేది కాదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకోవడానికి 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది నేరం. అందుకే టీచర్లకు ఒక మాట: "ఎవరికీ చెప్పను" అని పిల్లకి మాట ఇవ్వకండి. "నిన్ను నమ్ముతున్నాను, నీ తప్పేమీ లేదు, నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను" అనండి. నేను మొదటిసారి మాట ఇచ్చేశాను. తర్వాత ఆ మాట తప్పాల్సి వచ్చినప్పుడు ఆ పిల్ల నా వైపు చూసిన చూపు నాకు జీతంలో కోత కంటే ఎక్కువ. పిల్లలూ, ఇలాంటప్పుడు సాయం అడగడానికి మీకు 1098 నంబరు ఉంది. మనసు బాగోలేకపోతే 14416 ఉంది. రెండూ ఉచితం, నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసుకోండి.

2020 ఫిబ్రవరిలో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లు పిల్లలకి ఈ సంగతులు చెప్పాలి, వీలైతే ఒకరు ఆడ, ఒకరు మగ. వారానికి ఒక గంట. ఎదుగుదల, తిండి, మనసు, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ వాడకం, అన్నీ కలిపి 11 అంశాలు. కాగితం మీద బాగుంది. ఆ గంట లెక్కల రివిజన్‌కి పోతుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. లెక్కల మాస్టారు తన గంట వదులుకున్న బడి మనది.

ఆ డబ్బా నా దగ్గరే ఉంది. అంచు తుప్పు పట్టింది, తాళం కొత్తది వేయించాను. ఈ సభ అయ్యాక ఇప్పటి హెడ్మాస్టరు గారికి ఇస్తున్నాను. తాళం చెవులు రెండు. ఒకటి ఆడ టీచరు దగ్గర, ఒకటి మగ టీచరు దగ్గర ఉండనివ్వండి. మొదటి వారం తొక్కలు పడతాయి, కోప్పడకండి. శుక్రవారం మాత్రం తప్పకుండా తెరవండి.