నాళము తెరచిన పిమ్మట

గుండెపోటు వచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చినాము. పూడుకొనిపోయిన హృదయనాళమును వైద్యులు తెరచినారు. ఇక గండము గడచినదని మనము ఊపిరి పీల్చుకొందుము. కాని గడచినది సగమే.

1977 సెప్టెంబరులో జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రున్‌జిగ్ అను వైద్యుడు సన్నని గొట్టము చివర బుడగ నమర్చి, మెలకువగానున్న రోగి హృదయనాళమును వెడల్పు చేసెను. నేడు గుండెపోటు వేళ ఆ పద్ధతినే అవలంబించి, నాళములో స్టెంటు అను లోహపు జాలిగొట్టమును నిలుపుచున్నారు.

అయినను, అంతకుముందే రక్తమందక చచ్చిన కండ మరల బ్రతుకదు. ఆ నష్టము మిక్కుటమైనచో గుండె చతికిలబడి రక్తపోటు పడిపోవును. ఇట్టి రోగులను గూర్చిన పరిశోధన యొకటి 1999లో వెలువడినది. తొలుత మందులతోనే చికిత్స పొందినవారిలో ఆరు నెలలకు నూటికి 63 మంది మరణించిరి. వెంటనే రక్తప్రసారమును పునరుద్ధరింపబడినవారిలో 50 మంది. చికిత్స ప్రాణములు నిలుపును. పోయిన కాలమును మాత్రము తిరిగి తేజాలదు.

గుండె లయ తప్పవచ్చును. గొట్టము చొప్పించిన చోట రక్తము స్రవింపవచ్చును. వీనిని వైద్యులు కనిపెట్టియుందురు. స్టెంటులో రక్తము గడ్డకట్టకుండ చూచుటలో మాత్రము మన పాలు కూడ కలదు. అందులకిచ్చు రెండు మందులను సాధారణముగా ఏడాది పాటు వాడవలసియుండును. ఒళ్లు తేలికపడినదని మనంతట మనము వానిని మానరాదు.

ఛాతిలో నొప్పిని వాయువని తలచి, వాము నమలుచు తెల్లవారువరకు వేచియుండనూ రాదు. ఆ రాత్రి మన చేతిలోనిది. ఆ ఏడాదియు మన చేతిలోనిదే.