పాత కెమెరా కొనుట



ఎద్దును కొనదలచి అంగడికి పోయినవాడేమి చేయునో మీకు నేను చెప్పనక్కరలేదు. నోరు తెరచి పండ్లు చూచును, నడిపించి చూచును, మెడపై కాడి మోపి చూడనిదే బయానా ఈయడు. అట్టి యింట పుట్టి పెరిగిన నేను నిరుడు కార్తికమాసమున కరీంనగరమున కూర్చుండి, చేతిఫోనులో బొమ్మ చూచి, అరువది యేండ్లనాటి ఫోటో కెమెరా నొకదానిని 9,000 రూపాయలకు కొంటిని. దూరపు కొండలు నునుపు గదా! “అన్నియు చక్కగా పనిచేయుచున్నవి” అని అమ్మకందారు వ్రాసియుండెను.

ఫోను చేతనుండగా ఈ పాతసామాను ఏల యని మీరడుగవచ్చును. ధర్మపురిలో మా పెద్దమ్మ యుండెడిది. ఎనుబది దాటిన వయస్సు. ఆమె పెండ్లినాటి చిత్రము ఫిలిముపై తీసినది, నేటికిని చెదరలేదు. 1940 తరువాతి యేండ్లలో హైమన్‌డార్ఫు పండితుడు ఆదిలాబాదు గోండుగూడెములలో తీసిన చిత్రములు లండనులోని సోయాస్ విద్యాలయమున ఇప్పటికిని భద్రముగ నున్నవి. ఫోనులోని బొమ్మలు ఫోనుతోడనే పోవుట నా యింటనే రెండుమార్లు జరిగినది.

కెమెరా వచ్చిన దినముననే మీట నొక్కితిని. టక్కుమనెను. సంతసించితిని. నా తప్పంతయు అచ్చటనే యున్నది.

పూర్వము మనకు ఫిలిము ఉదకమండలమునుండి వచ్చెడిది. 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి కర్మాగార మిప్పుడు మూతపడినది. ఇప్పటి ఫిలిము పైదేశపుది. 12 చిత్రముల చుట్ట యొకటి నాకు 900 రూపాయలైనది. అది వేసికొని ధర్మపురి పోయితిని. పెద్దమ్మ అరుగుపై బీడీల చేట ప్రక్కన బెట్టి, “ముసలిదాని మొకం ఏం జూస్తవు బిడ్డా, కూసో, చాయ తాగు” అనెను. బలవంతము చేసి, నీడలో కొన్నియు ఎండలో కొన్నియు తీసితిని.

ఆ ఫిలిమును కడుగువారు నేను విచారించినంతలో మా యూర లేరైరి. హైదరాబాదునకు పంపితిని. ఇరువది దినములకు చిత్రములు వచ్చెను. నీడలో తీసినవన్నియు తెల్లబోయినవి. ఎండలో తీసినవానిపై అడ్డముగా వెలుగుచారలు. వస్తువును తిప్పి పంపుటకు గడువు పది దినములే. అది యెప్పుడో ముగిసినది. ఫిలిము కెమెరాతో గల చిక్కిదియే. దాని లోపము ఫిలిము కడిగినగాని బయటపడదు. గడువు అంతవరకు ఆగదు.

గడియారములు బాగుచేయు వృద్ధునొకని యొద్దకు దానిని గొనిపోయితిని. ఆయన భూతద్దము కంటికి బిగించి చూచి నవ్వెను. నెమ్మదివేగములను నడపునది గడియారములోనివంటి పండ్లచక్రముల వరుసయే యట. ఏండ్లు గడచినకొలది వానిపై నూనె జిగురుగట్టి, రెక్కలు తెరచుకొని మూసికొనక నిలిచిపోవును. వేగముగా నొక్కినపుడు మాత్రము టక్కుమనును. కావున ఒక సెకను వేగమున బెట్టి, వెనుకతలుపు తెరచి, కంటితో చూడవలెను. తలుపు అంచున నంటించిన నల్లని స్పాంజి తారువలె వ్రేలికంటినచో వెలుగు లోనికి చొచ్చుచున్నదన్నమాట. కటకము గుండ టార్చి వేసి చూచిన సాలెపోగులవంటివి కనబడునేని అది బూజు. అద్దముపై పూతను తినివేయును. తోలుసంచిలో నుంచినచో చెమ్మ పట్టి మరింత పెరుగును. ఈ పరీక్షలకు ఫిలిమక్కరలేదు, గంట పట్టదు. వచ్చిన దినముననే చేసియుండిన నాకు గడువు మిగిలెడిది.

అమ్మినవాడు అబద్ధమాడెనని నేననను. టక్కుమనుటయే పనిచేయుటయని యాతడును తలచియుండును. ఐనను వ్రాతకు బాధ్యత కలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టముననుసరించి, వ్యాపారముగా నమ్మువానిపై మనము నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాడుండు ఊరికి పోనక్కరలేదు. ఐదు లక్షల వరకు రుసుము లేదు, గడువు రెండేండ్లు. 1915 అను సంఖ్యకు ఫోను చేసిన దారి చెప్పుదురు. అంతర్జాలపు అంగడివారు ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెనని 2020 నాటి నియమము. ఇరుగుపొరుగువాడు తన యింటి పాతవస్తువు నొక్కదానిని అమ్మినపుడు ఈ దారి అంత సులభము గాదు.

నేను అమ్మకందారు వ్రాసిన మాటను ముందే చిత్రముగా దాచియుంటిని. అంగడివారి ఫిర్యాదుల అధికారికి దానిని, చెడిన చిత్రములను పంపితిని. రెండు వారములు వాదులాడిన పిమ్మట 4,000 రూపాయలు తిరిగి ఇచ్చిరి. కెమెరా నాకే యుండెను. గడియారముల వృద్ధుడు చక్రములను తెల్లపెట్రోలుతో కడిగి, స్పాంజి మార్చి, 600 రూపాయలు తీసికొనెను. సంక్రాంతినాటికి అది చక్కబడినది.

పెద్దమ్మ సంక్రాంతికి నాలుగు దినములు ముందే పోయినది.

ఆ చెడిన చుట్టలో ఎండన తీసిన చిత్రమొకటి కలదు. వెలుగుచార ముఖమునకు అడ్డముగా పోయినది. ఒడిలో పెట్టుకొన్న చేతులు మాత్రము స్పష్టముగా నున్నవి. తునికాకు కత్తిరించి కత్తిరించి కాయలుగాచిన వ్రేళ్లు, వెండి ఉంగరము. దానికి పటము కట్టించి, పెండ్లినాటి చిత్రము ప్రక్కన వ్రేలాడదీసితిని.