గాలం, ఇంజను, మన నోటు పుస్తకం



ఈ రాత్రి మనం పండుగప్ప గురించి మాట్లాడుకుందాం. చేప సంగతి మీకు నేను చెప్పేదేముంది? చెవి ఎత్తి చూసి అది తాజాదో కాదో చెప్పేస్తారు మీరు. నేను చెప్పబోయేది కూర గురించి కాదు. బేరం గురించీ కాదు. ఆ చేపను పట్టే గాలం గురించి. గాలం వేసే చోటికి మనవాళ్లను తీసుకెళ్లి, మళ్లీ తీసుకొచ్చే బోటు ఇంజను గురించి.

"అది మగవాళ్ల పని కదా టీచరమ్మా, మాకెందుకు?" అని మీలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. నేనూ మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇంజను కోసం పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటే సంతకం పెట్టేది ఎవరు? ఇంజను పాడై బోటు కదలకపోతే ఆ పూట బియ్యం ఎక్కడ తేవాలా అని ఆలోచించేది ఎవరు? బోటు రావడం ఆలస్యమైతే ఒడ్డున నిలబడి నీళ్ల వంక చూసేది ఎవరు?

మూడింటికీ జవాబు ఒక్కటే. కాబట్టి ఇది మన పని కూడా.

పండుగప్ప ఉండే చోటు

పండుగప్ప సముద్రంలో ఉంటుంది. నదిలోకీ వస్తుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటంటే దానికి ఇష్టం. గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర, మడ చెట్ల మధ్య కాలువల్లో అది తిరుగుతుంది. ఆస్ట్రేలియా దేశంలోనూ ఈ చేప ఉంది. అక్కడ దాన్ని బారాముండి అంటారు. అక్కడ చాలామంది సరదాకు దీనికి గాలం వేస్తారు. మనకు అది కూడు.

ఇది వేటాడి తినే చేప. రొయ్యలు, చిన్న చేపలు దాని తిండి. నీరు కదలకుండా ఉన్నప్పుడు అది అంతగా కదలదు. పోటు ఎక్కేటప్పుడు, పాటు తీసేటప్పుడు వేటకు లేస్తుంది. పాటు తీసేటప్పుడు చిన్న కాలువల్లోని రొయ్యలు నీటితో పాటు బయటికి కొట్టుకొస్తాయి. పండుగప్ప కాలువ మూతి దగ్గర, చెట్టు వేళ్ల నీడలో కాచుకుని ఉంటుంది. గాలం వేయాల్సింది అక్కడే. బతికి ఉన్న రొయ్య దానికి మంచి ఎర.

ఇంకొక వింత చెబుతాను. పండుగప్పలు చాలావరకు మొదట మగవిగా పెరుగుతాయి. కొన్నేళ్ల తర్వాత ఆడవిగా మారతాయి. అందుకని బాగా పెద్ద పండుగప్ప దొరికిందంటే అది ఆడదే అనుకోవచ్చు. అది లక్షల గుడ్లు పెట్టగల తల్లి. చిన్నవాటిని, గుడ్లతో ఉన్న తల్లులను వదిలిపెడితే రేపు మన పిల్లలకు చేప మిగులుతుంది. కోరంగి అభయారణ్యం లోపల వేటకు అటవీ శాఖ నియమాలు ఉన్నాయి. అవి ముందే అడిగి తెలుసుకోవాలి.

గాలం చూసే పద్ధతి

వాడిన గాలాన్ని ఉప్పునీటితో అలాగే పడేస్తే తుప్పు పడుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లలో జాడించాలి. ఆరబెట్టాలి. నూనె గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టాలి.

ముల్లు పదునుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ముల్లు కొనను బొటనవేలి గోటి మీద మెల్లగా ఆనించి లాగండి. గోటికి పట్టుకుంటే పదును ఉన్నట్టు. జారిపోతే మొద్దుబారినట్టు. అప్పుడు చిన్న ఆకురాయితో పదును పెట్టాలి. పండుగప్ప నోరు గట్టిది. మొద్దు ముల్లు దానికి దిగదు.

తర్వాత దారం. నైలాన్ దారం ఎండలో ఎక్కువ కాలం ఉంటే బలం పోతుంది. బోటు మీద ఎండలో వదిలెయ్యకండి, నీడన పెట్టండి. వారానికి ఒకసారి దారాన్ని రెండు వేళ్ల మధ్య నుంచి మెల్లగా లాగి చూడండి. ఎక్కడైనా గరుకుగా తగిలితే అక్కడ తెగుతుందని అర్థం. అంతవరకు కోసెయ్యాలి. ముడి వేసేటప్పుడు దారాన్ని తడిపి బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి ముడి దగ్గరే బలం తగ్గుతుంది.

పండుగప్ప చెవి రేకు అంచు కత్తిలా కోస్తుంది. చేప తల విదిలిస్తే సన్న దారం పుటుక్కున తెగిపోతుంది. అందుకే ముల్లుకు దగ్గరగా ఒక బారెడు మందపాటి దారం కట్టాలి. చేప శుభ్రం చేసేటప్పుడు మీ వేళ్లు కూడా జాగ్రత్త.

ఇప్పుడు అసలు సంగతి వినండి. కోసిన దారం ముక్కను ఏం చేస్తున్నారు? చాలామంది నీళ్లలోకి విసిరేస్తారు. ఆ ముక్క ఎక్కడికీ పోదు. ఏదో ఒక బోటు ఫ్యానుకు చుట్టుకుంటుంది. అది మన బోటే కావచ్చు. ఫ్యాను తిరిగే కొద్దీ దారం బిగుసుకుని లోపలి రబ్బరు సీలును కోస్తుంది. సీలు పోతే గేరు పెట్టెలోకి నీళ్లు పోతాయి. నూనెలో నీళ్లు కలిస్తే గేరు చక్రాలు అరిగిపోతాయి. రూపాయి విలువ లేని దారం ముక్క వేల రూపాయల ఖర్చు తెస్తుంది. కాబట్టి బోటులో ఒక పాత డబ్బా పెట్టించండి. ముక్కలన్నీ అందులో వేసి ఒడ్డుకు తేవాలి.

ఇంజనుకు స్నానం

బోటు వెనక తగిలించే మోటారు ఇంజను, తనను చల్లబరచుకోవడానికి బయటి నీటిని లోపలికి లాక్కుంటుంది. మనది ఉప్పునీరు. వేట అయ్యాక ఆ ఉప్పు లోపలి సన్నని దారుల్లో గడ్డకడుతుంది. దారి మూసుకుపోతే ఇంజను వేడెక్కి బిగుసుకుపోతుంది.

మందు ఏమిటి? మంచినీటి స్నానం. పెద్ద డ్రమ్ములో ఉప్పులేని నీళ్లు పోయాలి. నీళ్లు లాక్కునే రంధ్రాలు పూర్తిగా మునగాలి. గేరు వేయకుండా పది నిమిషాలు మెల్లగా నడపాలి. తిరిగే ఫ్యాను దగ్గరకు పిల్లల్ని రానివ్వకూడదు.

బిందెలు మోసేది మీరే. "తాగడానికే నీళ్లు లేకపోతే ఇంజనుకు డ్రమ్మెడు నీళ్లా?" అని మీకు అనిపిస్తుంది. నిజమే. తాగే నీళ్లే అక్కర్లేదు. బురద లేని చెరువు నీళ్లు చాలు. ఉప్పు లేని బోరు నీళ్లు చాలు. నాలుగు బోట్లవాళ్లు కలిసి ఒక డ్రమ్ము పెట్టుకోవచ్చు. నీళ్లు తెచ్చే పని మగవాళ్లు కూడా పంచుకోవాలి. బోటు వాళ్లది కూడా కదా!

ఇంజను నడుస్తున్నప్పుడు పక్క నుంచి సన్నని ధారగా నీళ్లు బయటికి వస్తుంటాయి. ఆ ధార ఇంజనుకు నాడి లాంటిది. ధార వస్తుంటే క్షేమం. ఆగిపోతే వెంటనే ఇంజను ఆపాలి. చెత్త అడ్డుపడిందేమో చూడాలి. లోపల నీళ్లు తోడే చిన్న రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. అది అరిగినా ధార తగ్గుతుంది. మెకానిక్కు చేత దాన్ని మార్పించాలి.

ఇంజను అడుగు భాగాన బూడిద రంగు లోహపు బిళ్ల ఒకటి బిగించి ఉంటుంది. ఉప్పునీరు ముందు దాన్ని తింటుంది, ఇంజనును వదిలేస్తుంది. ఇంటి గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ ఎలాగో, ఇంజనుకు ఆ బిళ్ల అలాగ. దానికి రంగు పూయకూడదు. సగం అరిగితే కొత్తది వేయించాలి.

గేరు నూనెను కూడా చూపించుకోవాలి. నూనె పాలు పోసిన టీ రంగులో కనిపిస్తే నీళ్లు కలిశాయన్నమాట. వెంటనే సీలు మార్పించాలి.

నూనె లెక్క

ఇక్కడ మన చదువు పనికొస్తుంది.

ఇంజన్లు రకరకాలు. కొన్నింటికి పెట్రోలులో నూనె కలపాలి. వాటిని టూ స్ట్రోక్ ఇంజన్లు అంటారు. కొన్నింటికి నూనె విడిగా పోయాలి. వాటిని ఫోర్ స్ట్రోక్ అంటారు. వాటి పెట్రోలులో నూనె కలపకూడదు. డీజిల్ ఇంజను సంగతి వేరు. మన ఇంజను ఏ రకమో దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని అటక మీద పడేయకండి. కిందికి దించి చదవండి. ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదివినా సరే.

ఆ పుస్తకంలో 50:1 అని ఉందనుకుందాం. అంటే 50 పాళ్లు పెట్రోలు, 1 పాలు నూనె. లెక్క ఇలా వస్తుంది.

1 లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె.
5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు.
10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు.
25 లీటర్లకు 500 మిల్లీలీటర్లు, అంటే అర లీటరు.

చాలామంది ఉజ్జాయింపుగా పోస్తారు. నూనె తక్కువైతే లోపలి భాగాలు ఒరుసుకుని ఇంజను బిగుసుకుపోతుంది. ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు మసిబారి ఇంజను ఆగిపోతుంది. గీతలున్న కొలత పాత్ర ఒకటి కొని విడిగా పెట్టుకోండి. వంటకు వాడే గిన్నెలు ఇందుకు వాడొద్దు.

ఇంకో మాట. పెట్రోలు డబ్బా ఇంట్లో ఉంచకండి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. నేల మీదుగా పాకుతుంది. పొయ్యి దాకా వెళ్లి అంటుకుంటుంది. బయట, నీడన, పిల్లలకు అందని చోట పెట్టండి. దీపం పట్టుకుని పెట్రోలు పోయకండి. నోటితో గొట్టం పీల్చి పెట్రోలు తీయనివ్వకండి.

నీటి మీద ఇంజను ఆగితే

మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. అల అక్కడే విరుగుతుంది. సరిగ్గా అక్కడ ఇంజను ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటును అల బోర్లా కొడుతుంది. ప్రాణాలు పోయేది అలాగే.

అందుకే ప్రతి బోటులో ఇవి ఉండాలి. తెడ్లు. లంగరు, పొడుగాటి తాడు. వేరే ప్లగ్గు, అది విప్పే పానా. టార్చి లైటు. తాగే నీళ్లు. మనిషికొక లైఫ్ జాకెట్టు. ఇంజను ఆగితే లంగరును బోటు ముందు కొన నుంచి వేయాలి. అప్పుడు బోటు ముఖం అలకు ఎదురుగా నిలుస్తుంది. వెనక నుంచి వేస్తే అల నేరుగా బోటులోకి ఎక్కుతుంది.

సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డుకు ఫోను చేయాలి. నంబరు 1554. డబ్బు ఖర్చు కాదు. ఈ నాలుగు అంకెలు ఇంటి గోడ మీద రాయండి. బోటు లోపల రంగుతో రాయించండి. ఇప్పుడే అందరం ఒకసారి పలుకుదాం. ఒకటి, ఐదు, ఐదు, నాలుగు.

ఫోను చేస్తే అవతలి వాళ్లు ఏమడుగుతారు? బోటులో ఎంతమంది ఉన్నారు? బోటు నంబరు ఎంత? ఏ రంగు? ఎన్ని గంటలకు బయలుదేరింది? ఎటు వెళ్లింది? గుండె దడదడలాడుతున్నప్పుడు ఇవన్నీ గుర్తు రావు. కాగితం మీద ఉంటే చదివి చెప్పవచ్చు.

61 రోజులు

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజను బోట్లతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఆ విరామం. ఆ రోజుల్లో చేతిలో డబ్బు ఆడదు. కష్టమే. కానీ ఇంజనుకు వైద్యం చేయించడానికి అదే అదను. మంచినీటితో కడిగించండి. మిగిలిన పెట్రోలు తీయించండి. గేరు నూనె మార్పించండి. ఇంజనును నిలువుగా, నీడన పెట్టించండి. జూన్‌లో మొదటి వేట రోజున తాడు లాగితే ఇంజను పలకాలి.

నోటు పుస్తకం

రెండు రూళ్ల నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. దాన్ని రెండు భాగాలు చేయండి.

మొదటి భాగం బోటుది. వెళ్లిన తేదీ. వెళ్లిన టైము. ఎవరెవరు వెళ్లారు. ఎటు వెళ్లారు. ఎప్పటికి వస్తామన్నారు. వచ్చాక ఎదురుగా టిక్కు పెట్టండి.

రెండో భాగం ఇంజనుది. పెట్రోలు ఎన్ని లీటర్లు. నూనె ఎంత. స్నానం చేయించిన తేదీ. ప్లగ్గు మార్చిన తేదీ. గేరు నూనె మార్చిన తేదీ. మెకానిక్కుకు ఇచ్చిన డబ్బు.

నెల తిరిగేసరికి ఆ పుస్తకమే మీకు చాలా చెబుతుంది. పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతోందో తెలుస్తుంది. కిందటి నెల వేసిన సామానుకే మెకానిక్కు మళ్లీ డబ్బు అడిగితే తేదీ చూపించి మాట్లాడవచ్చు. సంఘంలో అప్పు లెక్క అడిగితే పుస్తకం తెరిచి చూపవచ్చు.

"నా రాత వంకరగా ఉంటుంది టీచరమ్మా" అనకండి. వంకర అక్షరమైనా పని చేస్తుంది. తేదీ కనిపించాలి, పేరు కనిపించాలి, అంకె కనిపించాలి. అంతే చాలు.

రేపు తెల్లవారుజామున మీ బోటు బయలుదేరేటప్పుడు మొదటి పేజీ రాయండి. ఎల్లుండి రాత్రి ఆ పేజీ ఇక్కడికి తీసుకురండి. అందరివీ కలిసి చదువుకుందాం.

సెలవు.