బ్రిటన్ నల్లజాతీయుల కథ: ఉన్నచోటే ఉన్నా "అక్రమ వలసదారులు" ఎలా అయ్యారు?

 

2021 జూలై 11. లండన్ వెంబ్లీ స్టేడియంలో యూరో కప్ ఫైనల్, ఇంగ్లాండ్ వర్సెస్ ఇటలీ. పెనాల్టీ షూటౌట్‌లో ఇంగ్లాండ్ ఓడిపోయింది. ఇంగ్లాండ్ తరఫున పెనాల్టీలు మిస్ చేసింది ముగ్గురు: మార్కస్ రాష్‌ఫర్డ్, జేడన్ సాంచో, బుకాయో సాకా. ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్ళే. సాకాకి అప్పటికి 19 ఏళ్ళు. ఆ రాత్రే వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల కింద బూతులు, కోతి ఎమోజీలు, "మీ దేశానికి పొండి" అనే మాటలు.

మీ దేశం అంటే ఏ దేశం? రాష్‌ఫర్డ్ పుట్టింది మాంచెస్టర్‌లో. మిగతా ఇద్దరూ లండన్‌లో పుట్టారు. అయితే ఇంకో విషయం గమనించండి. రాష్‌ఫర్డ్ కుటుంబ మూలాలు కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ దీవిలో ఉన్నాయి. సాంచో తల్లిదండ్రులది ట్రినిడాడ్ అండ్ టొబాగో. సాకా తల్లిదండ్రులది నైజీరియా. బయట నుంచి చూసేవాళ్ళకి ముగ్గురూ "బ్లాక్" అనే ఒకే డబ్బాలో ఉన్నట్టు కనిపిస్తారు. కానీ ఆ డబ్బాలో రెండు వేర్వేరు చరిత్రలు ఉన్నాయి. ఇవాళ ఆ రెండూ చెప్పుకుందాం. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎందుకొచ్చారు, చట్టం మారినప్పుడల్లా వాళ్ళ జీవితం ఎలా మారింది, ఇదీ మన టాపిక్.

ముందు ఒక అపోహ తీసేద్దాం. నల్లజాతీయులు బ్రిటన్‌కి నిన్నో మొన్నో వచ్చినవాళ్ళు కాదు. రోమన్లు బ్రిటన్‌ని ఏలిన రోజుల్లో, మూడో శతాబ్దంలో, ఉత్తర ఆఫ్రికా పేరుతో ఉన్న ఒక సైనిక దళం హేడ్రియన్ గోడ దగ్గర కాపలా కాసింది. దానికి శాసనం దొరికింది. 1511లో రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో జాన్ బ్లాంక్ అనే నల్లజాతి బాకా కళాకారుడు ఉండేవాడు. అప్పటి చిత్రాల చుట్టలో అతని బొమ్మ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత వచ్చింది బానిస వ్యాపారం. బ్రిటిష్ ఓడలు సుమారు 31 లక్షల మంది ఆఫ్రికన్లని అట్లాంటిక్ దాటించి అమ్మకానికి తీసుకెళ్ళాయి. ఎక్కువమందిని దింపింది జమైకా, బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల్లో, చెరకు తోటల్లో. 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధించారు. 1833లో బానిసత్వాన్నే రద్దు చేస్తూ చట్టం చేశారు. రద్దు చేసినప్పుడు ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఎవరికో తెలుసా? బానిసలకి కాదు, యజమానులకి. దానికోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో.

అంటే కరీబియన్ దీవుల్లో నల్లజాతీయులు ఉన్నారంటే దానికి కారణమే బ్రిటన్. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు 1948కి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. బాంబులు పడి ఊళ్ళు పాడైపోయాయి, పనివాళ్ళు చాలట్లేదు. ఆ ఏడాది జూన్ 22న ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ లండన్ దగ్గర టిల్బరీ రేవుకి వచ్చింది. అందులో వెయ్యి మందికి పైగా ప్రయాణికులు. 802 మంది కరీబియన్ నుంచి వచ్చినవాళ్ళే. చాలామంది యుద్ధంలో బ్రిటన్ తరఫున పనిచేసిన కుర్రాళ్ళు. వీళ్ళ దగ్గర వీసా లేదు. ఎందుకంటే అవసరమే లేదు. జమైకా అప్పుడు బ్రిటిష్ వలస రాజ్యం, వాళ్ళు బ్రిటిష్ ప్రజలు. మనం హైదరాబాద్ నుంచి ముంబై వెళ్ళినట్టే, వాళ్ళ దృష్టిలో ఒకే దేశంలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి రావడం అన్నమాట.

ఉండడానికి ఇల్లు లేనివాళ్ళని క్లాపమ్‌లో యుద్ధకాలం నాటి భూగర్భ షెల్టర్‌లో పెట్టారు. దగ్గర్లో ఉద్యోగాల ఆఫీసు బ్రిక్స్‌టన్‌లో ఉంది. అందుకే లండన్‌లో కరీబియన్ల అడ్డా అంటే బ్రిక్స్‌టన్ అయింది. అదే ఏడాది జూలై 5న ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ మొదలైంది. దానికి నర్సులు కావాలి. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు బార్బడోస్ వెళ్ళి మరీ బస్సులకి, రైళ్ళకి మనుషుల్ని తీసుకున్నారు. 1951లో సుమారు 15 వేలు ఉన్న కరీబియన్‌లో పుట్టినవాళ్ళ సంఖ్య 1961కి 1 లక్షా 70 వేలు దాటింది.

పని దొరికింది, కానీ ఇల్లు దొరకలేదు. నల్లవాళ్ళకి అద్దెకివ్వం అని మొహం మీదే చెప్పేవాళ్ళు. బ్యాంకులు లోన్ ఇచ్చేవి కాదు. మరి ఇళ్ళు ఎలా కొన్నారు? మన అమ్మలు, అత్తలు వేసే చీటీలు తెలుసు కదా? అచ్చం అలాంటిదే. దాన్ని జమైకా వాళ్ళు "పార్డ్‌నర్" అంటారు. పది ఇరవై మంది వారం వారం కొంత డబ్బు వేస్తారు, వంతుల వారీగా ఒక్కొక్కళ్ళు మొత్తం తీసుకుంటారు. కాగితం లేదు, నమ్మకమే గ్యారంటీ. లోన్ ఇవ్వని దేశంలో చీటీ డబ్బుతో ఇళ్ళకి డిపాజిట్లు కట్టారు.

పని దగ్గర కూడా గొడవే. బ్రిస్టల్ ఊళ్ళో బస్సు కంపెనీ నల్లవాళ్ళని, మనవాళ్ళని కండక్టర్లుగా పెట్టుకునేది కాదు. అప్పట్లో అది చట్టవిరుద్ధం కూడా కాదు! 1963లో గై బెయిలీ అనే జమైకా కుర్రాడికి ఇంటర్వ్యూ కూడా చేయకుండానే ఉద్యోగం లేదన్నారు. దాంతో పాల్ స్టీఫెన్‌సన్, మరికొందరు కలిసి బస్సుల బహిష్కరణ మొదలుపెట్టారు. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. అదే రోజు అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్ సభలో మాట్లాడారు. ఆ తర్వాత బ్రిస్టల్‌లో మొదటి తెల్లజాతియేతర కండక్టర్ ఎవరో తెలుసా? రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. జమైకా వాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో మనవాళ్ళకీ తలుపు తెరుచుకుంది. రెండేళ్ళకి, 1965లో, బ్రిటన్‌లో జాతి వివక్షకి వ్యతిరేకంగా మొదటి చట్టం వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. చట్టాలు.

1962లో కామన్వెల్త్ వలసదారుల చట్టం వచ్చింది. ఇకమీదట పని వోచర్ ఉంటేనే రావాలన్నారు. ఉద్దేశం ఏంటి? రాకలు తగ్గించడం. జరిగింది ఏంటి? గేటు మూసేస్తున్నారని తెలియగానే అంతకుముందు ఏడాదిలోనే జనం ఎగబడి వచ్చారు. నాలుగు రాళ్ళు సంపాదించుకుని తిరిగి వెళ్ళిపోదాం అనుకున్న మగవాళ్ళు, ఒకసారి వెళ్తే మళ్ళీ రానివ్వరేమో అని భయపడి భార్యాపిల్లల్ని పిలిపించుకున్నారు. అంటే తాత్కాలికంగా వచ్చినవాళ్ళని శాశ్వతంగా స్థిరపడేలా చేసింది ఆ చట్టమే.

తర్వాత 1971 చట్టం. 1973 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో కరీబియన్ నుంచి కొత్తగా పనికి రావడం దాదాపు ఆగిపోయింది. అప్పటికే ఉన్నవాళ్ళు ఎప్పటికీ ఉండొచ్చు అని చట్టం చెప్పింది. బాగానే ఉంది కదా? కానీ ఆ హక్కు ఉందని చెప్పే కాగితం ఎవరికీ ఇవ్వలేదు. ఎవరెవరికి ఆ హక్కు ఉందో లిస్టు కూడా రాసుకోలేదు. ఈ మాట దగ్గర కాసేపు ఆగండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

ఈలోగా రెండో చరిత్ర మొదలైంది, ఆఫ్రికా నుంచి. 1960లలో నైజీరియా, ఘనా నుంచి చదువుకోవడానికి వచ్చేవాళ్ళు. చాలామంది డిగ్రీ చేసి వెనక్కి వెళ్ళాలనే ప్లాన్‌తోనే వచ్చారు. 1980ల తర్వాత ఆర్థిక ఇబ్బందుల వల్ల, యుద్ధాల వల్ల రాకలు పెరిగాయి. 1991లో సోమాలియాలో ప్రభుత్వం కూలిపోయింది, శరణార్థులు వచ్చారు. 2000 ప్రాంతంలో జింబాబ్వే సంక్షోభం, అక్కడి నుంచి వచ్చినవాళ్ళలో ఎందరో ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనికి చేరారు. లండన్‌లో పెకమ్ అనే ఏరియాని "లిటిల్ లేగోస్" అని పిలిచే స్థాయికి వచ్చింది. స్టార్ వార్స్ సినిమాల్లో చేసిన జాన్ బోయేగా ఆ పెకమ్ కుర్రాడే, తల్లిదండ్రులది నైజీరియా.

ఇప్పుడు నంబర్లు చూద్దాం. బ్రిటన్ జనాభా లెక్కల్లో జాతి గురించి మొదటిసారి అడిగింది 1991లో. అప్పుడు కరీబియన్ నల్లజాతీయులు దాదాపు 5 లక్షలు, ఆఫ్రికన్లు 2 లక్షల 12 వేలు. ఇది స్కాట్లాండ్‌తో కలిపి. ఇక్కడి నుంచి ఇంగ్లాండ్, వేల్స్ లెక్కలే చెప్తా. 2001లో కరీబియన్ 5 లక్షల 64 వేలు, ఆఫ్రికన్ 4 లక్షల 80 వేలు. 2011లో కరీబియన్ 5 లక్షల 95 వేలు, ఆఫ్రికన్ 9 లక్షల 90 వేలు. 2021లో కరీబియన్ 6 లక్షల 23 వేలు, ఆఫ్రికన్ దాదాపు 14 లక్షల 90 వేలు. "ఇతర నల్లజాతీయులు" అనే మూడో గడి కూడా కలిపితే మొత్తం 24 లక్షలు, జనాభాలో 4 శాతం. వాళ్ళలో సుమారు సగం మంది ఉండేది లండన్‌లోనే.

చూశారా, 30 ఏళ్ళలో మెజారిటీ తిరగబడింది. మరి కరీబియన్ల సంఖ్య ఎందుకు పెరగలేదు? ఒక కారణం మనం చెప్పుకున్నదే, కొత్తగా వచ్చేవాళ్ళు ఆగిపోయారు. రెండోది పెళ్ళిళ్ళు. కరీబియన్లు, తెల్లవాళ్ళు చాలా కలిసిపోయారు. 2021లో "తెల్ల, కరీబియన్ నల్ల మిశ్రమం" అనే గడిలో టిక్ పెట్టినవాళ్ళు 5 లక్షల 13 వేలు. అంటే అది తగ్గిపోతున్న సమాజం కాదు, ఇంకో గడిలోకి వెళ్తున్న సమాజం. లెక్కలు చదివేటప్పుడు గడి పేరేంటో చూడకపోతే మనకి తప్పు కథ అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి మళ్ళీ వద్దాం.

2012లో అప్పటి హోం మంత్రి థెరెసా మే, అక్రమంగా ఉండేవాళ్ళకి బ్రిటన్‌లో బతుకు కష్టమయ్యేలా చేస్తామన్నారు. 2014, 2016 చట్టాలతో ఇంటి ఓనరు, ఉద్యోగం ఇచ్చే కంపెనీ, బ్యాంకు, ఆసుపత్రి, అందరూ స్టేటస్ చెక్ చేయడం మొదలైంది. నేను సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తా. 1973లో పాత యూజర్లందరికీ యాక్సెస్ ఇచ్చారు, కానీ డేటాబేస్‌లో ఎంట్రీ వేయలేదు. నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన కొత్త సిస్టమ్ "డేటాబేస్‌లో పేరు లేదు, కాబట్టి నువ్వు అక్రమం" అంది.

పిల్లలుగా తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్ళకి సొంత పాస్‌పోర్టే లేదు. జమైకా 1962లో స్వతంత్ర దేశమైంది. దాంతో లండన్‌లో స్కూలుకెళ్తున్న పిల్లల పౌరసత్వం కూడా వాళ్ళకి తెలియకుండానే మారిపోయింది. వాళ్ళు వచ్చిన తేదీకి రుజువుగా పనికొచ్చే పాత ల్యాండింగ్ కార్డుల్ని ప్రభుత్వమే 2010లో ధ్వంసం చేసింది. మళ్ళీ అదే ప్రభుత్వం, ఇక్కడున్న ప్రతి ఏడాదికీ రుజువు తెమ్మంది.

పాలెట్ విల్సన్ సంగతి వినండి. 1968లో చిన్నతనంలోనే జమైకా నుంచి వచ్చారు. వంటమనిషిగా పనిచేశారు, ఒకప్పుడు బ్రిటన్ పార్లమెంటు క్యాంటీన్‌లో కూడా వండిపెట్టారు. 34 ఏళ్ళు నేషనల్ ఇన్సూరెన్స్ కట్టారు. 2015లో ఆమెకి ఉత్తరం వచ్చింది, నువ్వు అక్రమ వలసదారువని. 2017లో నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్ళారు. యాభై ఏళ్ళుగా చూడని జమైకాకి పంపడానికి సిద్ధమయ్యారు. లాయర్లు, పత్రికలు కలగజేసుకుంటే ఆగింది. ఆమెకి అదృష్టం ఉంది, అందరికీ లేదు. కనీసం 83 మందిని దేశం నుంచి పంపేశారని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇంకెందరికో ఉద్యోగాలు, ఇళ్ళు, వైద్యం పోయాయి.

2018 ఏప్రిల్‌లో విషయం పెద్దదైంది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది, హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. ఇది ముందే ఊహించదగ్గది, ఆపదగ్గది అని 2020లో విచారణ రిపోర్టు తేల్చింది. పరిహారం స్కీమ్ పెట్టారు. అది అందేలోపే చనిపోయినవాళ్ళు ఉన్నారు. పాలెట్ విల్సన్ కూడా 2020 జూలైలో, 64 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

"మాకేంటి బ్రో ఇదంతా" అనేవాళ్ళు ఉంటారు. చూడండి, మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతమంది మాస్టర్స్‌కి యూకే వెళ్తున్నారో మీకు తెలుసు. మీ క్లాసులోనే ఉంటారు. ఇప్పుడు అక్కడ వీసా స్టేటస్ కార్డు రూపంలో కూడా ఉండట్లేదు, ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ప్రతి ఉత్తరం, ప్రతి పే స్లిప్, ప్రతి ఈమెయిల్ దాచుకోండి. సిస్టమ్ మనల్ని గుర్తుపెట్టుకుంటుందని నమ్మి కూర్చోకండి.

ఇంకో మాట. అక్కడ మనకి ఉద్యోగంలో, అద్దె ఇంట్లో వివక్ష ఎదురైతే కంప్లైంట్ చేసే హక్కు ఉంది. ఆ హక్కు ఊరికే రాలేదు, బ్రిస్టల్ బస్సుల దగ్గర నిలబడ్డవాళ్ళ వల్ల కూడా వచ్చింది. అలాంటిది మనవాళ్ళే కొందరు అక్కడికి వెళ్ళి, వాట్సాప్ గ్రూపుల్లో "ఆ ఏరియాలో నల్లోళ్ళు ఎక్కువ, వద్దు" అని మెసేజ్ పెడతారు. ఈసారి అలాంటి మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేసే ముందు, అక్కడ మనకంటే ముందు ఎవరికి ఇల్లు ఇవ్వలేదో గుర్తుచేసుకోండి.

యూకేలో ఉన్న మీ ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ షేర్ చేయండి. అక్కడ మీరు చూసింది, విన్నది కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.