ఉల్లి పొట్టు, రాగి చెంబు, డీఎన్‌ఏ: మా అత్తమ్మ అడిగిన ప్రశ్న

తాండూరు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మా మేనత్త వల్లే చేస్తున్నా. ఆమె ఉండేది వికారాబాద్‌లో. ఆమెకి టీబీ, మందులు మొదలుపెట్టి రెండు నెలలైంది, దగ్గు తగ్గింది. మొన్న ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "అల్లుడా, ఉల్లి పొట్టు రాగి చెంబుల నానబెట్టి తాగితే రోగం డీఎన్‌ఏ తెగిపోతదంట. గోలీలు ఇగ బంద్ జెయ్యనా?" అని అడిగింది.

నేను కెమిస్ట్రీ స్టూడెంట్‌ని. నవ్వేసి ఊరుకుందామనుకున్నా. కానీ అందులో సగం నిజం ఉంది, డేంజర్ కూడా అక్కడే ఉంది.

ఉల్లి పొట్టులో క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ ఉంటుంది. దాని అణువు దాదాపు చదునుగా, మన తాండూరు నాపరాయి బండలాగా ఉంటుంది. అంచున పక్కపక్కనే ఉన్న రెండు ఆక్సిజన్‌లు రాగి అయాన్‌ని పట్టకారులా పట్టుకుంటాయి. అదే మెటల్ కాంప్లెక్స్. డీఎన్‌ఏ నిచ్చెనలో మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం 0.34 నానోమీటర్లు. ఇలాంటి చదును అణువులు ఆ సందులోకి దూరగలవు.

బయోసెన్సర్‌లో వాడుకునేది ఈ దూరడాన్నే. బంగారు ఎలక్ట్రోడ్ మీద క్రిమి డీఎన్‌ఏకి జతపడే ఒంటిపోగు అతికిస్తారు. శాంపిల్‌లో ఆ క్రిమి ఉంటే రెండు పోగులూ కలిసి నిచ్చెన అవుతుంది. కాంప్లెక్స్ అందులోకి చేరుతుంది, లోహం వల్ల కరెంటు పెరుగుతుంది. జత దొరక్కపోతే కరెంటు తక్కువే. 1993లో మిలన్, మికెల్సన్ అనే శాస్త్రవేత్తలు కోబాల్ట్ కాంప్లెక్స్‌లతో ఇది చేసి చూపించారు. తర్వాత మొక్కల ఫ్లేవనాయిడ్లతోనూ ల్యాబుల్లో ప్రయోగాలు జరిగాయి.

మరి "తెగిపోతది" అన్న మాట? 1989లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వాళ్లు క్వెర్సెటిన్, రాగి కలిస్తే డీఎన్‌ఏ పోగులు తెగుతాయని చూపించారు. కానీ అది పరీక్షనాళికలో! రాగి, ఆక్సిజన్‌తో కలిసి పుట్టించే ఫ్రీ ర్యాడికల్స్ కోస్తాయి. అవి ఎవరి డీఎన్‌ఏ అని అడగవు. టీబీ క్రిమిదైనా, మా అత్తమ్మదైనా వాటికి ఒకటే. వీడియోవాడు ఈ ముక్క చెప్పలేదు.

అత్తమ్మకి అనంతగిరి గుర్తు చేశా. నిజాం కాలం నాటి టీబీ శానటోరియం అక్కడే కదా. మందులు రాకముందు ఇలాంటి చోట్ల మంచి గాలి, విశ్రాంతే వైద్యం. ఇప్పుడు సీబీనాట్ మిషన్ కళ్లెలోని క్రిమి డీఎన్‌ఏని రెండు గంటల్లోపు పట్టేస్తుంది, రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందో లేదో కూడా చెప్తుంది. అందులో ఉల్లి పొట్టేమీ లేదు, డీఎన్‌ఏ కాపీలు పెంచి వెలుగుతో గుర్తిస్తుంది. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మొండికేస్తాయి.

"గట్లయితే నువ్వు చదివేదంతా దేనికిరా?" అంది. కనిపెట్టడానికి అత్తమ్మా, తాగడానికి కాదు అన్నా. పొట్టు నీళ్లు పారబోసింది. నిన్న పొద్దున నేను అడగకముందే ఖాళీ గోలీల షీటు ఫోటో పంపింది.