మఠం గచ్చులో తిరగలి రాళ్లు: చరిత్రకారుడు మార్క్ బ్లాక్ కథ

(వాడలో రాత్రిపూట జరిగిన చదువు తరగతిలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



పొద్దంతా కూలికి పోయి వచ్చి కూర్చున్నారు. ఈ రాత్రప్పుడు ఫ్రాన్సు దేశపు ప్రొఫెసరు కథ మనకెందుకని కొందరికి అనిపించొచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. చదివేకొద్దీ ఒక సంగతి తెలిసింది. కాగితం మీద పేరు లేనివాళ్ల చరిత్రను ఎట్లా తవ్వి తీయాలో ఆయన జీవితమంతా చేసి చూపించాడు. చివరికి ఆయన పేరునే కాగితం మీద నుంచి తీసేయమన్నారు. ఆ రెండు సంగతులూ చెప్పి కూర్చుంటాను.

ఆయన పేరు మార్క్ బ్లాక్. 1886 జూలై 6న లియోన్ పట్టణంలో పుట్టాడు. యూదు కుటుంబం. తండ్రి గుస్తావ్ కూడా రోము చరిత్ర చెప్పే ప్రొఫెసరే. కాబట్టి బ్లాక్ మనలాగా పలక కోసం ఏడ్చినవాడేం కాదు, పారిస్‌లో పెద్ద చదువులు చదివినవాడు. ఇది దాచిపెట్టాల్సిన పనిలేదు. 1914లో యుద్ధం వస్తే సార్జెంటుగా పోయి కెప్టెనుగా తిరిగొచ్చాడు. 1919 నుంచి స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు.

1920లో ఆయన డాక్టరేటుకు రాసిన పుస్తకం రాజుల గురించీ సెర్ఫుల గురించీ. సెర్ఫులంటే దొరకు కట్టుబడి బతికే రైతులు. దొర ఇలాకా బయట పెళ్లి చేసుకోవాలంటే దొరకు డబ్బు కట్టాలి. చనిపోతే ఉన్నదాంట్లో దొర వాటా పట్టుకుపోతాడు. వెట్టి కథలు విన్న ఇళ్లల్లో దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 1315లో పదో లూయీ అనే రాజు తన సెర్ఫులకు స్వేచ్ఛ ఇస్తున్నానని ప్రకటించాడు. ఎంత దయగల రాజో అని తర్వాతివాళ్లు పొగిడారు. బ్లాక్ ఆ పొగడ్తలు పక్కనబెట్టి రాజుగారి ఖజానా కాగితాలు తీశాడు. యుద్ధానికి డబ్బులు కావాలి, అందుకని స్వేచ్ఛను అమ్మకానికి పెట్టారు! అదీ కొన్ని ప్రాంతాల్లోనే. కొనుక్కోమన్నవాళ్ల మీద పన్ను వేయమని రాజే హుకుం ఇచ్చాడు. పైవాళ్లు దయతలచి ఇచ్చారనే పాఠం మనమూ బళ్లో చదివినవాళ్లమే గదా.

1924లో ఇంకో పుస్తకం వేశాడు. ఫ్రాన్సు రాజులూ ఇంగ్లాండు రాజులూ చేత్తో ముట్టుకుంటే గండమాల, అంటే మెడ దగ్గర గడ్డలు లేచే జబ్బు, నయమవుతుందని జనం వందల ఏళ్లు నమ్మారు. 1825లో పదో చార్లెస్ రాజు కూడా పట్టాభిషేకం తర్వాత రోగుల్ని వరసగా ముట్టుకున్నాడు. బ్లాక్ ఈ జనాన్ని వెర్రివాళ్లని ఎగతాళి చేయలేదు. ఈ నమ్మకం ఎక్కడ మొదలైంది, దీంతో ఎవరి గద్దె గట్టిపడింది, రోగం తగ్గకపోయినా నమ్మకం ఎందుకు పోలేదు అని అడిగాడు. ఒక మనిషి ముట్టుకుంటే రోగం పోతుందట, ఇంకో మనిషి ముట్టుకుంటే మైల పడుతుందట. రెండూ ఒకే చెట్టు కాయలని నాకనిపిస్తుంది. ఆయన ఆ పుస్తకం రాసింది అంటరానితనం గురించి కాదు, ఈ మాట నాది.

1929లో లూసియన్ ఫెవ్ర్ అనే స్నేహితుడితో కలిసి ‘అనాల్’ అనే చరిత్ర పత్రిక పెట్టాడు. రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాల తేదీలే చరిత్ర కాదు, పంట, నాగలి, ధర, అప్పు, నమ్మకం ఇవన్నీ చరిత్రేనని ఆ పత్రిక దారి వేసింది. 1931లో ఫ్రాన్సు పల్లెల చరిత్ర రాశాడు. పాత పొలాల పటాలు ముందేసుకుని, చేలు ఎందుకు అంత పొడుగ్గా, సన్నగా ఉన్నాయని అడిగాడు. చక్రాలున్న బరువు నాగలిని మాటిమాటికీ తిప్పడం కష్టం, అందుకని చాలు పొడుగ్గా సాగుతుంది. దున్నినవాడికి ఈ సంగతి వెంటనే తెలుస్తుంది, ప్రొఫెసర్లకు మాత్రం ఒకరు చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు తిరగలి సంగతి. నీటితో తిరిగే పిండిమర చాలా పాత యంత్రం. అది అన్ని ఊళ్లకూ ఎట్లా పాకిందని 1935లో బ్లాక్ ఒక వ్యాసం రాశాడు. మంచి యంత్రం కాబట్టి జనం సంతోషంగా తీసుకున్నారనుకుంటాం. అదొక్కటే కాదు. మర దొరది. ఊళ్లో అందరూ అక్కడే విసిరించుకోవాలి, పిండిలో వాటా ఇవ్వాలి. ఇంట్లో తిరగలి ఉంటే నేరం! ఇంగ్లాండులో సెయింట్ ఆల్బన్స్ అనే మఠం ఉంది. 1331లో ఆ మఠాధిపతి ఇళ్లల్లో తిరగళ్లన్నీ లాక్కుని, ఆ రాళ్లను మఠంలో ఒక గదికి గచ్చుగా పరిపించాడు. సన్యాసులు రోజూ వాటి మీద నడిచారు. యాభై ఏళ్లు గడిచాయి. 1381లో రైతులు తిరగబడ్డారు. నేరుగా ఆ గదిలోకి పోయి గచ్చు పెకలించి, రాళ్లు పగలగొట్టి తలా ఒక ముక్క ఇంటికి పట్టుకెళ్లారు.

యాభై ఏళ్లంటే లాక్కున్ననాటి మనుషులు చాలామంది పోయుంటారు. అయినా ఆ రాళ్లు ఎవరివో ఇళ్లల్లో చెప్పుకుంటూనే ఉన్నారన్నమాట. ఇదంతా రాసిపెట్టింది ఆ మఠం వాళ్లే, రైతుల్ని దుర్మార్గులని తిట్టుకుంటూ. తిట్టే కాగితం కూడా తనకు తెలియకుండా సాక్ష్యం చెబుతుంది. బ్లాక్ ఇట్లాంటి సాక్ష్యం మీదే ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాడు. మన ఊళ్ల కరణం లెక్కలు, కోర్టు కాగితాలు చదివేటప్పుడు కార్యకర్తలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

1936లో పారిస్‌లో సోర్బోన్‌కు వెళ్లాడు. 1939లో మళ్లీ యుద్ధం. 53 ఏళ్లు, ఆరుగురు పిల్లలు, పోకపోయినా అడిగేవాడు లేడు. అయినా పోయాడు. 1940లో ఫ్రాన్సు ఓడింది. ఎందుకు ఓడిందో ఆ ఏడే రాసిపెట్టాడు, అది ఆయన పోయాక 1946లో అచ్చయింది. అందులో సేనాధిపతుల్నే కాదు, చదువుల గదుల్లో తలుపులేసుకు కూర్చున్న తనలాంటి వాళ్లనూ వదల్లేదు.

1940 అక్టోబరులో విషీ ప్రభుత్వం యూదులు ప్రభుత్వ ఉద్యోగాలు చేయకూడదని, పాఠాలు చెప్పకూడదని చట్టం చేసింది. కొద్దిమందికి మినహాయింపు ఇచ్చారు, అందులో బ్లాక్ ఒకడు. అమెరికా నుంచి పిలుపొచ్చింది గానీ కుటుంబం అందరికీ వీసాలు దొరకలేదు, వాళ్లను వదిలి తానొక్కడే పోలేదు. అప్పుడే, 1941లో, స్నేహితుడు ఫెవ్ర్ ఉత్తరం రాశాడు. పత్రిక యజమానుల్లో యూదు పేరుంటే జర్మన్లు పత్రికనే మూయిస్తారు, నీ పేరు తీసేద్దాం అని. బ్లాక్ మొదట కుదరదన్నాడు. ఉత్తరాలు నడిచాయి. చివరికి ఒప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి పెట్టిన పత్రిక అట్ట మీద ఒక్క పేరే మిగిలింది. బ్లాక్ మారుపేరుతో రాశాడు. ఆ పేరు ‘ఫూజేర్’. అది ఆయనకు ఇల్లున్న పల్లె పేరు.

ఫెవ్ర్ చేసింది తప్పా? పత్రిక బతికింది, నిజమే. బ్లాక్ చనిపోయాక చరిత్ర రాసే పని గురించి ఆయన సగంలో వదిలిన పుస్తకాన్ని 1949లో అచ్చేయించిందీ ఫెవ్రే. అయినా నాకు ఆ ఉత్తరం మింగుడుపడదు. పట్నంలో అద్దె ఇంటి కోసం ఇంటిపేరు మింగేసుకున్న మన పిల్లల్ని అడగండి, పేరు తీసేసుకోవడమంటే ఏమిటో చెబుతారు.

1942 చివర్లో జర్మన్లు దక్షిణ ఫ్రాన్సులోకీ వచ్చారు. బ్లాక్ లియోన్‌లో రహస్య ప్రతిఘటన ఉద్యమంలో చేరాడు. అక్కడ ఆయన పేరు ‘నార్బోన్’. కళ్లజోడు పెట్టుకున్న, తల నెరిసిన పంతులు కుర్రాళ్లతో కలిసి రహస్య ఉత్తరాలు మోశాడు. 1944 మార్చి 8న పట్టుబడ్డాడు. గెస్టాపో వాళ్లు చిత్రహింసలు పెట్టారు. జూన్ 16 రాత్రి ఆయన్నీ తోటి ఖైదీలనూ లారీలో తీసుకెళ్లి, సెయింట్ డిడియే అనే ఊరి దగ్గర పొలంలో కాల్చి చంపారు. ఇద్దరు మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు. రెండు వారాలకు భార్య సిమోన్ కూడా జబ్బుతో పోయింది.

1941లోనే వీలునామా రాసి పెట్టుకున్నాడు. యూదుగా పుట్టానని ఎన్నడూ దాచలేదని, ఫ్రెంచివాడిగానే చనిపోతానని, సమాధి మీద సత్యాన్ని ప్రేమించాడని చెక్కమని అందులో ఉంది. 2024 నవంబరులో ఫ్రాన్సు అధ్యక్షుడు బ్లాక్‌కు పాంథియాన్‌లో, దేశం తన గొప్పవాళ్లను గౌరవించే చోట, స్థానం ఇస్తామని ప్రకటించాడు. కుటుంబం ఒక్కమాట పెట్టింది, జాతి పేరుతో మనుషుల్ని విడదీసే మితవాద పార్టీలు ఆ సభకు రాకూడదని. ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహానికి ఎవరెవరు దండలు వేస్తున్నారో చూస్తున్నాం కాబట్టి ఆ మాట ఎందుకన్నారో మనకు తెలుసు.

నా మాట అయిపోయింది. తిరగలి తిప్పిన పెద్దమ్మలు ముగ్గురు ఇక్కడ కూర్చున్నారు. ఇప్పుడు వాళ్లు చెప్తారు, పలకలూ పుస్తకాలూ ఉన్న పిల్లలు ముందుకొచ్చి రాసుకోండి.